బ్రోచర్ ఆగిపోయింది

పోయిన శ్రావణంలో మా మేనమామ ఫోన్ చేశాడు. వాళ్ళ చేనేత సంఘానికి లోగో, ఇన్‌స్టాగ్రామ్ పేజీ, ఒక బ్రోచర్ కావాలట. దసరా ఎగ్జిబిషన్‌కల్లా అయిపోవాలి. నేను హైదరాబాద్‌లో చేసే పని అదే కాబట్టి, ఆ శనివారం లాప్‌టాప్ పట్టుకుని పోచంపల్లి పక్కనున్న వాళ్ళ ఊరెళ్ళాను.

మొదటి పేజీలో మామ గుంట మగ్గం ఫొటో పెట్టి, కింద "తరతరాలుగా మా నేతన్నల చేతుల్లో" అని రాశాను. మామ మురిసిపోయాడు. అత్త ఆసు ముందు నుంచి తల తిప్పకుండానే అడిగింది:

"నేతన్నలు సరే. ఆసు ఎవరు పోసిన్రు బిడ్డా?"

ఇక్కత్‌కి రంగు అద్దకముందే నూలుని ఆసు పోయాలి. అర్ధచంద్రంలా వరసగా ఉన్న మేకుల చుట్టూ దారాన్ని అటూ ఇటూ తిప్పాలి. ఒక్క చీరకే చెయ్యి దాదాపు 9,000 సార్లు ఆడుతుంది. తల్లి పడే ఈ బాధ చూడలేకే చింతకింది మల్లేశం 1999లో లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశాడు, 2017లో పద్మశ్రీ వచ్చింది. అత్తకి ఆ యంత్రం లేదు. సాయంత్రమైతే ఆమె దగ్గర జండూబామ్ వాసన.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేతన్న అన్న మాటలోనే అన్న ఉన్నాడు, అక్క లేదు. ప్రభుత్వాలు పెట్టిన పథకాల పేర్లూ అంతే: తెలంగాణలో నేతన్నకు చేయూత, ఆంధ్రలో 2019లో మొదలైన నేతన్న నేస్తం. 2019-20 చేనేత గణనలో మాత్రం దేశంలో 35 లక్షల మందికి పైగా పనివాళ్ళు తేలారు, అందులో 70 శాతానికి పైగా ఆడవాళ్ళే.

పొద్దున్నే మామని సభ్యుల రిజిస్టర్ అడిగాను. మగ్గానికో పేరు, అదీ మగవాళ్ళ పేరే. ఎక్కడైనా ఆడపేరు కనిపిస్తే ఆమె భర్త పోయాడని అర్థం. ఆసు పోసేవాళ్ళు, కండెలు చుట్టేవాళ్ళు, రంగులద్దేవాళ్ళు, పరాయి మగ్గం మీద కూలికి నేసే కుర్రాళ్ళు ఎవరూ లేరు. మరి నేను రాసిన 'మా'లో ఉన్నదెవరు? ఇంత తెలియకుండానే నేను లోగోకి నీలం బాగుంటుందా, కుంకుమరంగు బాగుంటుందా అని రెండు రోజులు కొట్టుకున్నాను.

అత్త నవ్వుతున్న ఫొటో కవర్ మీద వేసేస్తే సరిపోతుందన్నాడు మామ. మా ఫీల్డులో రోజూ జరిగేదదే, నేనూ చేశాను. ఈసారి మనసొప్పలేదు. స్టాల్లో ఎవరైనా "ఈమె మీ సభ్యురాలేనా?" అని అడిగితే ఏం చెప్తాం?

రిజిస్టర్‌లో లేని వీళ్ళనీ సభ్యులుగా చేర్చాలా అని మూడు సాయంత్రాలు అరుగు మీద పంచాయితీ నడిచింది. "సభ్యత్వం వేరు, బ్రోచర్ వేరు" అన్నాడు ప్రెసిడెంటు. బైలాస్ ప్రకారం ఆయన మాట తప్పు కాదు. చివరికి సభ్యత్వం సంగతి జనరల్ బాడీలో పెట్టడానికి ఒప్పుకున్నారు, అది ఇంకా తేలలేదు. దసరాకి బ్రోచర్ లేకుండానే స్టాల్ పెట్టారు. నా లోగో లాప్‌టాప్‌లోనే ఉంది.

ఈలోగా ఒక్క పని జరిగింది. ప్రతి చీరకీ ఒక ట్యాగ్, దాని మీద ఆసు, రంగు, నేత ఎవరెవరివో పేర్లు. మొదటి కట్ట ప్రింటయి వచ్చాక అత్త కళ్ళద్దాలు పెట్టుకుని తన పేరు వెతుక్కుంది.

"ఇంటిపేరు మీ మామది ఏసినవేంది? ఆసు మా అమ్మ దగ్గర నేర్సిన. మా అమ్మగారింటిది ఎయ్యి."

మళ్ళీ ప్రింట్ చేయించాం.