నాలుగు చింతగింజలు

ఆదివారం. రాత్రి పది దాటింది.

నిన్న మోండా మార్కెట్ నుంచి ఏడాదికి సరిపడా కొత్త చింతపండు తెచ్చాం. ఈ రోజంతా గింజలు తీసే పనే. టిఫిన్లు కాగానే అత్తయ్య హాల్లో పాత చీర పరిచి కూర్చున్నారు. అదే హాల్లో మావారూ చిన్నోడూ టీవీ ముందు కార్ల రేసు ఆడుతున్నారు. తెర సగం నాన్నది, సగం కొడుకుది.

వీడియో గేములంటే నాకు మొదటినుంచీ భయం, పిల్లలు మనకు కాకుండా పోతారని. కానీ ఈ రోజు కళ్లారా చూసింది రాయకపోతే అన్యాయం అవుతుంది. చిన్నోడు ఉన్నట్టుండి కంట్రోలర్ తెచ్చి నానమ్మ చేతిలో పెట్టాడు. ఆవిడ చేతులు కడుక్కుని వచ్చి, "గిట్ల పట్టుకోవాల్నా?" అని అడిగారు. ఆవిడ బొటనవేలి మీద వాడు తన బొటనవేలు ఆనించి, "ఇది నొక్కే ఉంచు నానమ్మా, వదలకు. మలుపు నేను తిప్పుతా" అన్నాడు. కారు ఎన్నిసార్లు గోడకు గుద్దుకున్నా విసుక్కోలేదు. హోంవర్క్ దగ్గర ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోని వాడు, అంత ఓపిగ్గా నేర్పుతుంటే చూస్తూ ఉండిపోయాను. ఇంట్లో అందరం వాడికి చెప్పేవాళ్లమే. వాడు చెబితే మేం వినేది ఆ ఒక్క చోటే.

పాప మాత్రం గదిలోంచి బయటికి రాలేదు. తొమ్మిదో తరగతికి వచ్చినప్పటి నుంచి ఏమడిగినా "ఏం లేదమ్మా" అంటుంది.

మధ్యాహ్నం అత్తయ్య కుప్పలోంచి పెద్ద గింజలు నాలుగు ఏరి, దాన్ని పిలిచి బాల్కనీ గచ్చు మీద ఒకవైపు అరగదీయమన్నారు. గోధుమరంగు పెచ్చు పోయి తెల్లటి పప్పు బయటపడేదాకా రుద్దింది. గవ్వల బదులు అవే. అష్టాచెమ్మాకు ముగ్గు చాక్‌పీసుతో 25 గళ్లు, ఇంటూ గుర్తులు అత్తయ్యే గీశారు. కాయలకు గుండీలు, గాజుముక్కలు, శనగలు, మినుములు. నాలుగూ తెల్లగా పడితే చెమ్మా, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, ఎనిమిది.

అష్టాచెమ్మా, గవ్వలతో ఆడే మన పాత ఆట పచ్చీసుకు దగ్గరి చుట్టం. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఇంగ్లండ్‌లో పేటెంటు తీసుకున్న లూడో కూడా పచ్చీసు నుంచి వచ్చిందే. 2020 లాక్‌డౌన్‌లో సిద్దిపేటలో ఉన్న మా ఆడపడుచు వాళ్లతో రోజూ ఫోన్లో ఆ లూడోనే ఆడేవాళ్లం. ఆ రోజుల్లో మాకు అదే పెద్ద ధైర్యం.

నలుగురూ నాలుగు వైపులా కూర్చున్నారు. నేను పక్కనే గింజలు తీస్తున్నాను. ఇంకో రెండు గళ్లు దాటితే పండే చిన్నోడి కాయను నానమ్మ చంపేశారు. వాడి కళ్లలో నీళ్లు. మళ్లీ మొదట్నుంచి ఆడదామని పట్టుబట్టాడు. "ఆటల దయ జూపిస్తే అది ఆటెట్లయితది బిడ్డా" అన్నారే గానీ కాయ తిరిగి పెట్టలేదు. రెండు పందేలు ముఖం తిప్పుకుని కూర్చున్నాడు. మూడోసారి చెమ్మా పడగానే ఏడుపు మరిచిపోయాడు.

అప్పుడే, తన వంతు కోసం చూస్తూ, గళ్ల మీంచి కళ్లు ఎత్తకుండా పాప అంది: "నాన్నా, నేను ఇంటర్‌లో ఎంపీసీ తీసుకోను. సీఈసీ తీసుకుంటా."

మావారు గింజలు గుప్పిట్లో పట్టుకుని అలాగే ఉండిపోయారు. అత్తయ్య, "పందెం వెయ్యి రా" అన్నారు. వేశారు. రెండు పడింది. "ఎన్నాళ్ల నుంచి అనుకుంటున్నావురా?" అని నెమ్మదిగా అడిగారు. దసరా సెలవుల నుంచట. ఐదు నెలలు లోపలే దాచుకుంది నా బిడ్డ.

కార్ల రేసులో ఆ మాట వచ్చేది కాదనిపిస్తోంది. అక్కడ చెవినిండా మోత, క్షణం ఆగితే వెనకబడిపోతాం. ఇక్కడ ఒకరు వేస్తుంటే ముగ్గురు ఊరికే ఉండాలి. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే నోరు విప్పని పిల్ల, అందరి చూపూ గళ్ల మీద ఉన్నప్పుడు చెప్పేసింది.

చీకటి పడేదాకా ఆడినా ఆట తేలలేదు. ఎంపీసీ సంగతీ తేలలేదు. చింతపండుకు ఉప్పు పట్టించి జాడీకి ఎత్తేసరికి తొమ్మిదైంది. బాల్కనీలో కాయలు ఎక్కడివక్కడే ఉన్నాయి. పొద్దున్నే నేనెక్కడ ఊడ్చేస్తానోనని పాప చీపురు తీసుకెళ్లి తన మంచం కింద దాచుకుంది.