జీవ నియంత్రణను దీవుల మీదుగా చదివాను: నా నెట్, ఏఆర్ఎస్ ప్రిపరేషన్

కీటక శాస్త్రంలో ఏఎస్ఆర్‌బీ (వ్యవసాయ శాస్త్రవేత్తల నియామక మండలి) పెట్టే నెట్ అర్హత పరీక్ష, ఏఆర్ఎస్ అనే శాస్త్రవేత్త ఉద్యోగ పరీక్ష రాయబోతున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ రాస్తున్నాను. పుస్తకాల జాబితాలు, టైమ్‌టేబుళ్లు ఇప్పటికే చాలామంది ఇచ్చి ఉంటారు. నేను ఒక్క అధ్యాయం గురించే చెప్తాను. అది జీవ నియంత్రణ, అంటే పంటను పాడుచేసే పురుగును దాని సహజ శత్రువుతోనే అదుపు చేయడం. మొదటిసారి నన్ను ముంచింది అదే. రెండోసారి గట్టెక్కించిందీ అదే.

మొదటి ప్రయత్నంలో ఒక పెద్ద పట్టిక వేసుకున్నాను. ఒక గడిలో పురుగు, పక్క గడిలో మిత్రపురుగు, తర్వాత దేశం, సంవత్సరం. దాన్ని గోడకు అంటించి పొద్దున్నా రాత్రీ వల్లె వేశాను. పరీక్షలో 2 గంటల్లో 150 ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి 48 సెకన్లు. తప్పు రాస్తే మూడో వంతు మార్కు పోతుంది. ఆ టెన్షన్‌లో లిక్సోఫాగా స్ఫెనోఫోరి, లిక్సోఫాగా డయాట్రియే రెండూ నా తలలో కలిసిపోయాయి. రెండూ టాకినిడ్ ఈగలే (వేరే పురుగుల ఒంట్లో పెరిగి వాటిని చంపే ఈగలు), రెండూ చెరకు పురుగుల మీద బతికేవే. మొదటిది హవాయిలో చెరకు ముక్కుపురుగు కోసం న్యూగినీ నుంచి తెచ్చినది, రెండోది కరీబియన్ దీవుల్లో కాండం తొలుచు పురుగు మీద పనిచేసేది. పట్టికలో పక్కపక్కనే ఉన్నవి పరీక్షలో ఒకదాని చోట ఇంకొకటి వచ్చి కూర్చున్నాయి. అలాంటివి అయిదారు పోయాయి. కొద్ది మార్కుల్లో నెట్ తప్పింది.

ఫలితాలు వచ్చాక ఇంటికి, కోనసీమకు వెళ్లాను. మా కొబ్బరి తోటలో ఆకుల అడుగున తెల్లదోమ, కింది ఆకుల మీద నల్లటి మసి. నాన్న ఒక ఆకు తుంచి నా చేతిలో పెట్టి, "ఇది ఎక్కడిదమ్మా? మా చిన్నప్పుడు లేదు కదా, ఎలా వచ్చింది?" అని అడిగారు. అల్యూరోడైకస్ రుగియోపెర్క్యులేటస్ అని పేరు చెప్పగలిగాను. అది ఏ కీటక కుటుంబానిదో కూడా చెప్పాను. ఎలా వచ్చిందో చెప్పలేకపోయాను. అంత చదివీ నాన్న అడిగిన ఒక్క మాటకు జవాబు లేకపోయిందని చాలా బాధ వేసింది.

ఆ రాత్రే వెతకడం మొదలుపెట్టాను. ఈ రూగోస్ తెల్లదోమను 2004లో మధ్య అమెరికాలోని బెలీజ్ నుంచి తొలిసారి వర్ణించారు. 2009లో ఫ్లోరిడాలో కనిపించింది. 2016లో మన దేశంలో, తమిళనాడులోని పొల్లాచ్చి ప్రాంతంలో బయటపడి, తర్వాత గోదావరి జిల్లాలకు వచ్చింది. దాన్ని అదుపు చేసే బుల్లి కందిరీగ పేరు ఎన్‌కార్సియా గ్వాడలూపే. పేరులోనే కరీబియన్‌లోని గ్వాడలూప్ దీవి ఉంది. ఇంకా తవ్వితే, దాని అక్కలాంటి మరో తెల్లదోమ, అల్యూరోడైకస్ డిస్పర్సస్, లక్షద్వీప్‌లోని మినికాయ్‌కు చేరినప్పుడు ఈ కందిరీగ కూడా ఎవరూ తేకుండానే అక్కడికి వచ్చేసిందని తెలిసింది. మా తోటలో ఆకు అడుగున తిరిగే పురుగుకు కరీబియన్‌తో, మినికాయ్‌తో చుట్టరికం ఉందన్నమాట. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పట్టికను గోడ మీంచి తీసేశాను.

అప్పటినుంచి జీవ నియంత్రణ మొత్తాన్ని దీవుల మీదుగా చదివాను. దీవి చుట్టూ సముద్రం ఉంటుంది కాబట్టి పురుగు ఏ ఓడలో, ఏ మొక్కతో వచ్చిందో చాలాసార్లు రికార్డుల్లో దొరుకుతుంది. అది తన సహజ శత్రువులను వెనక వదిలేసి ఒంటరిగా దిగుతుంది. అందుకే విజృంభిస్తుంది, అందుకే శత్రువును తెచ్చి వదిలితే ఫలితం కళ్లకు కడుతుంది. మారిషస్‌లో ఎర్ర మిడతల కోసం 1762లో మన దేశం నుంచి గోరింకలను పట్టుకెళ్లిన సంగతి తరచూ అడిగే ప్రశ్న. అక్కడినుంచే మొదలుపెట్టండి.

నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పింది కొమ్ము పురుగు. కొబ్బరి మొవ్వులోకి దూరి నములుతుంది. ఆకు విచ్చుకున్నాక కత్తెరతో కోసినట్టు కనిపిస్తుంది. ఇది 1909లో సిలోన్ (ఇప్పటి శ్రీలంక) నుంచి రబ్బరు మొక్కలతో సమోవా దీవులకు చేరింది. పసిఫిక్ దీవులకు కొబ్బరే ఆధారం కాబట్టి దశాబ్దాల పాటు రకరకాల శత్రు కీటకాలను తెచ్చి వదిలారు. చెప్పుకోదగ్గ ఫలితం రాలేదు. 1963లో ఆలోయిస్ హ్యూగర్ మలేసియాలో ఈ పురుగుకు వచ్చే వైరస్ జబ్బును కనిపెట్టారు. 1967లో దాన్ని సమోవాలో వదిలారు. ఇప్పుడు దాన్ని ఒరిక్టెస్ నూడివైరస్ అంటున్నాం.

ఇక్కడ ఆగి ఆలోచించండి, మెయిన్స్‌లో మార్కులు వచ్చేది ఇక్కడే. వైరస్ సోకిన పెద్ద పురుగు వెంటనే చావదు. వైరస్ దాని పేగులో పెరుగుతుంది, మలంతో బయటికి వస్తుంది. ఆ పురుగు ఎగురుకుంటూ ఇంకో పెంటకుప్పకో, కుళ్లిన కొబ్బరి మొద్దుకో వెళ్లి అక్కడి పిల్ల పురుగులకూ జతకట్టిన పురుగులకూ అంటిస్తుంది. తిండి తగ్గుతుంది, గుడ్లు తగ్గుతాయి. అంటే వైరస్‌ను ఊరూరా మోసేది ఆ పురుగే. మందు కొట్టే మనిషి అవసరం లేదు. మన సీపీసీఆర్ఐ (కేంద్ర తోట పంటల పరిశోధనా సంస్థ) శాస్త్రవేత్తలు 1980ల్లో ఇదే పద్ధతిని మినికాయ్‌లో చేసి చూపించారు.

కథ అక్కడితో అయిపోలేదు. 2007లో గువామ్ దీవిలో కనిపించిన కొమ్ము పురుగు పాత వైరస్‌కు లొంగలేదు. ఆ రకం 2013లో హవాయిలో, తర్వాత సోలమన్ దీవుల్లో బయటపడింది. ఒక్క నియంత్రణ మీదే ఆధారపడితే ఏమవుతుందో చెప్పాల్సి వస్తే నేను ఈ ఉదాహరణే రాస్తాను.

రెండోది పండు ఈగ. నిజం చెప్పాలంటే, వంధ్య కీటకాల పద్ధతి (పిల్లలు పుట్టించలేని పురుగులను పెద్ద ఎత్తున వదలడం; వాటితో జతకట్టిన వాటికి పిల్లలు పుట్టవు) నాకు మొదట్లో ఒక్క ముక్క కూడా అర్థం కాలేదు. ఈ పద్ధతిని ఆలోచించిన అమెరికా కీటక శాస్త్రవేత్త నిప్లింగ్ వేసిన లెక్కను కాగితం మీద స్వయంగా చేశాకే వెలిగింది. దీవిలో 10 లక్షల పురుగులు ఉన్నాయనుకోండి. ప్రతి తరానికీ 20 లక్షల వంధ్య పురుగులు వదులుతారు. మొదటి తరంలో నిష్పత్తి 2:1, కాబట్టి మూడింట ఒక జతకే పిల్లలు: 3,33,333. రెండో తరంలో నిష్పత్తి 6:1 అవుతుంది, మిగిలేవి 47,619. మూడో తరంలో 42:1, మిగిలేవి 1,107. నాలుగో తరంలో 1807:1. ఒక్కటీ మిగలదు. పురుగులు తగ్గేకొద్దీ మందు కొట్టడం దండగవుతూ ఉంటే, ఈ పద్ధతికి మాత్రం బలం పెరుగుతూ పోతుంది. కాకపోతే బయటినుంచి కొత్త ఈగలు రాకూడదు. అందుకే దీవులే దీనికి అనువైన చోటు. 1954లో కరీబియన్‌లోని క్యురసావ్ దీవిలో పశువుల స్క్రూవర్మ్ ఈగ మీద, 1960ల మొదట్లో పసిఫిక్‌లోని రోటా దీవిలో దోస పండు ఈగ మీద ఇది నెగ్గింది. జపాన్ ఒకినావా దీవుల్లో ఏళ్ల తరబడి శ్రమించి 1993 నాటికి ఆ ఈగను పూర్తిగా తుడిచిపెట్టింది.

ఇక్కడే ఒక తిరకాసు ప్రశ్న వస్తుంది. మామిడి పండు ఈగ మగవాటిని మిథైల్ యూజినాల్ అనే ఎర బాగా లాగుతుంది, కాబట్టి మగవాటినే ఏరి చంపి దాన్ని నిర్మూలించారు. దోస పండు ఈగకు క్యూలూర్ అనే ఎర వాడాలి. దాని ఆకర్షణ అంత బలమైనది కాదు, అందుకే వంధ్య ఈగల దాకా వెళ్లాల్సి వచ్చింది. ఈ కారణం తెలిస్తే ఏ ఎర దేనికో మళ్లీ మర్చిపోరు.

ఓటములను కూడా అంతే శ్రద్ధగా చదవండి. మన అండమాన్‌నూ పీడిస్తున్న ఆఫ్రికా రాక్షస నత్త కోసం హవాయిలో 1955లో ఇంకో మాంసాహార నత్తను వదిలారు, 1977లో పసిఫిక్‌లోని మూరియా దీవిలోనూ వదిలారు. అది రాక్షస నత్తను అదుపు చేయలేదు. మూరియాలో మాత్రమే ఉండే పార్ట్యులా నత్తలను తినేసింది. కొత్త శత్రువును దిగుమతి చేసే ముందు అది ఇంకేం తింటుందో ఎందుకు పరీక్షించాలో ఈ ఒక్క ఘటన చెబుతుంది. నాకు ఇప్పటికీ ఇది చదివితే మనసు కలుక్కుమంటుంది. ఆ నత్తల్లో కొన్ని జాతులు మళ్లీ పుట్టవు కదా.

అండమాన్‌లో శ్రీ విజయపురం (పాత పేరు పోర్ట్ బ్లెయిర్)లోని ద్వీప వ్యవసాయ పరిశోధనా సంస్థ, సియారీ, 1978లో మొదలైంది. దాని వార్షిక నివేదికలు తప్పక చూడండి. కొబ్బరి, వక్క, సుగంధ ద్రవ్యాలు, దుంప పంటలు అన్నీ ఒకే చోట, పైగా వాన ఎక్కువ, పొలం తక్కువ. సస్యరక్షణ ప్రశ్నలకు ఉదాహరణలు కొల్లలుగా దొరుకుతాయి. శ్రీకాకుళం, విశాఖ వైపు వాళ్లకు అక్కడ బంధువులు ఉండే ఉంటారు, వాళ్లను తోటల గురించి అడిగినా చాలా తెలుస్తుంది.

రాత విషయంలో నేను పాటించింది ఒక్కటే. ప్రతి కథనూ ముందు తెలుగులో అమ్మకు చెప్పేదాన్ని. ఎలా వచ్చింది, శత్రువు ఎందుకు లేదు, ఏం తెచ్చారు, అది ఎలా పనిచేసింది, తర్వాత ఏం చెడింది. అమ్మ ఎక్కడ "అదెలా?" అని ఆపితే అక్కడ నాకు అర్థం కాలేదని లెక్క. ఆ తర్వాతే ఇంగ్లిష్‌లో సమాధానం రాసి, టైమ్ పెట్టుకుని కుదించేదాన్ని. రోజుకు రెండే కథలు. రెండోసారి నెట్ వచ్చింది. ఏఆర్ఎస్ 240 మార్కుల మెయిన్స్‌లో జీవ నియంత్రణ మీద వచ్చిన ఏ ప్రశ్ననూ వదల్లేదు. ఇప్పుడు 60 మార్కుల ఇంటర్వ్యూకు చదువుతున్నాను.

నాన్న పెంటకుప్పలో ఇప్పుడు మెటారైజియం అనే, కొమ్ము పురుగు పిల్లలను చంపే శిలీంధ్రాన్ని కలుపుతున్నారు. తోట గట్టున లింగాకర్షక బుట్ట కట్టాం. ఆదివారం పొద్దున్నే అందులో పడిన కొమ్ము పురుగులను లెక్కపెట్టి, మగవెన్నో ఆడవెన్నో ఒక నోటుపుస్తకంలో రాస్తున్నాను. మొన్న ఆయనే నన్ను అడిగారు, "వీటిల్లో ఆ గువామ్ రకం ఉంటే మనకెలా తెలుస్తుందమ్మా?" అని. ఈసారి జవాబు చెప్పాను. చూసి చెప్పలేం నాన్నా, డీఎన్ఏ పరీక్ష చేయాల్సిందే.