ముందు ఛానల్ ఏంటి తంబీ?

ఇరవై బోర్డులు పెడితే ఇరవయ్యీ ఫెయిల్. రాత్రి షిఫ్టు వాళ్లు వాటిని ఎర్ర ట్రేలో పేర్చి నా టేబుల్ మీద పెట్టి వెళ్లారు. చేతి మీటరుతో చూస్తే అన్నీ బాగానే ఉన్నాయి. అంటే తప్పు నేను పెట్టిన టెస్ట్ స్టేషన్‌ది.

మలేషియా వచ్చి అప్పటికి ఐదు నెలలు. పెనాంగ్ దీవిలోని బయాన్ లెపాస్ 1972 నుంచీ ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీల అడ్డా. నాకు ప్రొబేషన్ ఇంకో నెల ఉంది. ఇక్కడ ఎంప్లాయ్‌మెంట్ పాస్ కంపెనీతో ముడిపడి ఉంటుంది, ఉద్యోగం పోతే అదీ పోతుంది. ఆ టెన్షన్‌లో అప్పగించిన మొదటి సొంత పని: ఛార్జర్ బోర్డుల టెస్టుకు డాక్ కార్డు ఎంచుకోవడం. బోర్డు మీది వోల్టేజీలను అంకెలుగా మార్చి కంప్యూటర్‌కి ఇచ్చే కార్డు అది. పెళ్లిచూపుల్లో జీతం, ఎత్తు చూసినట్టు నేనూ రెండే చూశాను: 16 బిట్లు (ఎంత సన్నగా కొలుస్తుంది), సెకనుకు 2,50,000 శాంపిళ్లు (ఎన్నిసార్లు కొలుస్తుంది). ధర బడ్జెట్‌లో ఉంది. పీఓ (కొనుగోలు ఆర్డరు) పెట్టించేశాను.

ఆ రెండున్నర లక్షలు అన్ని ఛానళ్లకూ, అంటే కార్డుకి వైర్లు తగిలించే ఇన్‌పుట్లన్నిటికీ, కలిపి అని తర్వాత తెలిసింది. మేం వాడే ఎనిమిదింటికి పంచితే ఒక్కోదానికి 31,250. మాకు అదీ చాలు కాబట్టి వదిలేశాను. పంచుకుంటున్నాయంటే లోపల కొలిచేది ఒక్కటే అన్నమాట. అది మాత్రం తట్టలేదు.

మా ల్యాబ్‌లో ఓ పెద్దాయన, తమిళ టెక్నీషియన్, ఉన్నారు. అందరూ అంకుల్ అంటారు. మాది చిత్తూరు కాబట్టి ఆయన తమిళంతో నాకు ఇబ్బంది లేదు. ఆయన స్క్రీన్ కేసి చూశారు. 12 వోల్టుల బ్యాటరీని డివైడర్‌తో (వోల్టేజీని పంచే రెండు రెసిస్టర్లతో) తగ్గించి కొలిచే ఛానల్‌లో 3.84 రావాలి, 4.86 వస్తోంది.

"దీనికి ముందు ఛానల్ ఏంటి తంబీ?"

యూఎస్‌బీ అవుట్‌పుట్, 5 వోల్టులు అన్నాను.

"ఆ వైరు తీసి గ్రౌండ్‌కి పెట్టు."

పెట్టాను. బ్యాటరీ ఛానల్ అర వోల్టు దాకా పడిపోయింది. దాని వైరు నేను ముట్టుకోనే లేదు!

కార్డులో ఉన్నది ఒకే ఏడీసీ (వోల్టేజీని అంకెగా మార్చే చిప్పు). స్విచ్చు తిప్పుకుంటూ ఛానళ్లను వంతులవారీగా కొలుస్తుంది. ముందు ఛానల్ వోల్టేజీ లోపలి కెపాసిటెన్సులో మిగిలే ఉంటుంది, తర్వాతిది దాన్ని తన వైపు లాక్కోవాలి. కాఫీ తాగిన గ్లాసు కడక్కుండా మజ్జిగ పోసుకున్నట్టు. బ్యాటరీ ఊరికే ఖర్చవకుండా మా డిజైనర్ 1 మెగోమ్, 470 కిలోఓమ్‌ల డివైడర్ పెట్టాడు. రెండూ కలిసి కార్డుకి 320 కిలోఓమ్‌లుగా కనబడతాయి. కార్డు లోపలి 100 పికోఫారడ్‌ల కెపాసిటెన్సుతో 32 మైక్రోసెకన్ల టైమ్ కాన్‌స్టెంట్, అంటే పాత వోల్టేజీ తేడాలో దాదాపు మూడింట రెండొంతులు పోవడానికి పట్టే సమయం. 16 బిట్లు నిజంగా కావాలంటే అలాంటివి 11 గడవాలి. నేను ఇస్తున్నది 4 మైక్రోసెకన్లు. (చేతి మీటరు కూడా 3.84 కాదు, 3.72 చూపింది. దాని 10 మెగోమ్‌లు కొంచెం కిందకి లాగాయి. కాకపోతే అది లిమిట్‌లోనే ఉంది.)

వేగం తగ్గిస్తే సరిపోయేది కానీ పక్క ఛానల్‌లో రిపుల్ (వోల్టేజీలో వచ్చే సన్నని అలలు) చూడాలి, దానికి వేగం కావాలి. ఛానల్‌కో ఏడీసీ ఉన్న కార్డు కొనాలంటే ధర చాలా ఎక్కువ, పైగా రెండో పీఓ అని మేనేజర్ ముందుకెళ్లే ధైర్యం నాకు లేదు. అంకుల్ డ్రాయర్‌లోంచి ఓ ఆప్-ఆంప్ (యాంప్లిఫయర్ చిప్పు) తీసి, జనరల్ పర్పస్ బోర్డు ముక్క మీద బఫర్‌గా, అంటే అదే వోల్టేజీని గట్టిగా తోసేలా, సోల్డర్ చేసి, డివైడర్‌కీ కార్డుకీ మధ్యలో పెట్టారు. 3.84. ఆ రోజు తె తారిక్ (ఇక్కడి నురగ పాల టీ) నేనే ఇప్పించాను.

వారం తర్వాత ఆయనే వచ్చి, "కె-టైప్ థర్మోకపుల్ కూడా ఈ కార్డుకే నేరుగా తగిలిద్దామా?" అన్నారు, నవ్వు ఆపుకుంటూ. వేడిని బట్టి చాలా చిన్న వోల్టేజీ ఇచ్చే వైరు జత అది. ఈసారి కాగితం తీశాను. ±10 వోల్టుల రేంజిలో 16 బిట్లంటే ఒక్కో మెట్టు, అంటే కార్డుకి తెలిసే అతి చిన్న తేడా, 305 మైక్రోవోల్టులు. కె-టైప్ డిగ్రీకి ఇచ్చేది సుమారు 41.

"ఏడు డిగ్రీలు పెరిగితే గానీ దీనికి తెలీదు అంకుల్."

"మరి రేంజి ఎంతవరకూ తగ్గుతుందో చూడు" అంటూ కుర్చీ లాక్కున్నారు.