లారీలో రెండు బ్యాటరీలు ఒకేసారి చావవు

చీమకుర్తి నుంచి గ్రానైట్ దిమ్మెలు ఎత్తుకొచ్చే లారీలకి రెండేసి బ్యాటరీలు ఉంటాయి. రెండూ ఒకే రోజు కొంటారు, ఒకే పెట్టెలో బిగిస్తారు, ఒకే గుంతల రోడ్డు మీద తిరుగుతాయి. అయినా ఒకటే ముందు పోతుంది. ఒంగోలు కర్నూలు రోడ్డులో బ్యాటరీ షాపు పెట్టుకుని ఇన్నేళ్లుగా చూస్తున్నా, ఎక్కువగా పోయేది ఎర్త్ వైపుదే, అంటే మైనస్ వైరు బండి ఇనుముకి బిగించి ఉన్నది. డ్రైవర్ దింపగానే నేనడిగే మొదటి మాట, "అన్నా, పాటల సెట్టు ఎక్కడ్నించి లాగావు?"

లారీ 24 వోల్టుల బండి. 12 వోల్టుల బ్యాటరీలు రెండు, ఒకదాని ప్లస్‌ని రెండోదాని మైనస్‌కి కలిపితే 24 అవుతుంది. అదే సిరీస్. డ్రైవర్ బజార్లో కొనుక్కొచ్చిన పాటల సెట్టు, క్యాబిన్ ఫ్యాను మాత్రం 12 వోల్టులవి. సులువైన దారేంటంటే, ఎర్త్ వైపు బ్యాటరీ ప్లస్ మీంచి ఒక వైరు లాగేయడం. పాటలు బ్రహ్మాండంగా వస్తాయి. రాత్రంతా లోడింగ్ కోసం క్వారీ దగ్గర ఆగినప్పుడు ఆ ఒక్క బ్యాటరీయే మోస్తుంది, పక్కది ఊరికే కూర్చుంటుంది. తెల్లారి ఇంజన్ వేశాక, దాంతో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ రెండింటికీ కలిపి 28 వోల్టుల చిల్లర ఇస్తుంది. ఎవరికి ఎంత కావాలో దానికి తెలీదు. మీటర్ పెట్టి చూస్తే మొత్తం 28.2 ఉంటుంది, అంతా బాగున్నట్టే ఉంటుంది. విడివిడిగా పెడితే పైదాని మీద 15 దాటి, కిందిదాని మీద, అంటే ఎర్త్ వైపుదాని మీద, 13 దగ్గర కనపడుతుంది. కిందిది ఎప్పటికీ నిండదు, ప్లేట్ల మీద తెల్లగా సల్ఫేట్ పేరుకుంటుంది. పైది నీళ్లు మరిగించుకుని ఎండిపోతుంది. 24 నుంచి 12కి దించే కన్వర్టర్ ఒకటి పెట్టుకుంటే ఈ గోల ఉండదు. చెబితే "చూద్దాంలే అన్నా" అంటారు. చూడరు.

ఇలాంటి జతని ఛార్జింగ్‌కి తెచ్చినప్పుడు రెండింటినీ కలిపే పెట్టేస్తే రోగం అలాగే ఉంటుంది. నేను విడగొట్టి, ఒక్కోదాన్ని కొలిచి, ఒక్కోదానికి కావలసినంత పెడతాను. ఛార్జింగ్ తీశాక కొన్ని గంటలు వదిలేసి మీటర్ పెడితే నిండిన బ్యాటరీ 12.6, 12.7 చూపిస్తుంది. 12 దగ్గరుంటే పావు వంతే ఉన్నట్టు. ఛార్జింగ్ పెట్టినా 10.5 దగ్గరే నిలబడితే లోపలి ఆరు సెల్స్‌లో, అంటే ఆరు గదుల్లో, ఒకటి పోయినట్టే, ఇక దాని మీద కరెంటు దండగ. మూతలున్న బ్యాటరీ అయితే గ్రావిటీ, అంటే లోపలి యాసిడ్ నీళ్ల చిక్కదనం కూడా చూస్తాను. అయిదు సెల్స్‌లో 1.240 ఉండి ఒకదాంట్లో 1.150 వచ్చిందంటే దొంగ దొరికినట్టే.

షాపులో పాతకాలం లైన్ ఛార్జర్ ఒకటుంది. బ్యాటరీలని వరసగా సిరీస్‌లో తగిలించి ఆంపియర్లు తిప్పి పెట్టడమే. లైన్‌లో ఎన్ని ఉన్నా అన్నిటి గుండా పోయేది ఒకటే కరెంటు. బ్యాటరీ ఎంత కరెంటు దాచుకుంటుందో చెప్పే సైజు ఆంపియర్ అవర్, అందులో పదో వంతు మా లెక్క, అంటే 80 దానికి 8 ఆంపియర్లు. మరి 35 కారు బ్యాటరీని, 150 లారీ బ్యాటరీని ఒకే లైన్‌లో పెడితే? 15 తిప్పితే చిన్నది ఉడికిపోతుంది. మూడున్నర తిప్పితే పెద్దది రెండు రోజులైనా నిండదు. అందుకే సైజుకో లైన్. బైకు బ్యాటరీలు ఎంత బతిమాలినా ఈ ఛార్జర్ మీద పెట్టను, వాటికి వేరే చిన్నది ఉంది.

ఇళ్లలో చేసేది ఎక్కువగా పారలల్. ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్, ఒకటే 12 వోల్టుల ఛార్జర్. ఒకే సైజు, ఒకే వయసు, వోల్టేజి దగ్గరదగ్గరగా ఉంటే ఫర్వాలేదు. నిండినదాన్ని ఖాళీదానికి కలిపితే ఛార్జర్ ఆన్ చేయకముందే నిండినది ఖాళీదాంట్లోకి దూకేస్తుంది, వైర్లు చెయ్యి పెట్టలేనంత కాలతాయి. ఇక లారీ జతని ఇలా పెట్టేవాళ్లు రెండింటి మధ్య ఉన్న లింకు కేబుల్ తీయకుండా మైనస్‌లు కలిపితే ఒక బ్యాటరీ ప్లస్, మైనస్ నేరుగా కలిసిపోతాయి. ఫట్‌మని మెరుపొచ్చి స్పానర్ అక్కడే అతుక్కుపోతుంది. ముందు లింకు తీయాలి, తర్వాతే మిగతా పని. చేతికి ఉంగరం, కడియం ఉంటే అవీ తీసి జేబులో వేసుకోవాలి.

నిండే సమయానికి, 14.4 వోల్టులు దాటాక, మూత తీసి చూస్తే లోపల సోడా పోసినట్టు బుడగలు లేస్తుంటాయి. సన్నటి తుంపర చెయ్యి మీద పడుతుంది, అప్పుడేమీ తెలీదు. కాటన్ చొక్కాకి పడ్డ చిల్లులు ఉతికాక గానీ బయటపడవు. ఆ బుడగల్లో ఉన్నది హైడ్రోజన్, ఆక్సిజన్. గాలిలో హైడ్రోజన్ 4 శాతం చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వకి అంటుకుంటుంది. బీడీ సంగతి అందరికీ తెలుసు. తెలియనిది క్లిప్పుల సంగతి. ఛార్జర్ ఆన్‌లో ఉండగా క్లిప్పు లాగితే రవ్వ వచ్చేది సరిగ్గా ఆ గ్యాస్ మధ్యలోనే. లైన్‌లో ఒక బ్యాటరీ ముందు నిండినా సరే, మొత్తం ఆపి, కాసేపు తలుపులన్నీ తీసి ఉంచి, అప్పుడు దాన్ని తీసి లైన్ మళ్లీ కలపాలి. కుళ్లిన గుడ్డు వాసన వస్తే ఇక ఆలోచించేదేమీ లేదు, ఆపేయడమే. మే నెల ఎండల్లో మా రేకుల షెడ్డులో పగలు ఛార్జింగ్ తగ్గించేస్తాను. బ్యాటరీ 50 డిగ్రీలు దాటితే ప్లేట్లు పాడవుతాయి.

మా షాపులో బ్యాటరీల కింద చెక్కలు ఉంటాయి. నేల మీద పెడితే ఛార్జింగ్ దిగిపోతుందని పెద్దవాళ్ల నమ్మకం. ఇప్పటి ప్లాస్టిక్ డబ్బాలకి అదేమీ ఉండదు. చెక్కలు తీసేస్తే వచ్చినవాళ్లకి నా మీద నమ్మకం పోతుందని ఉంచాను.

కొత్తపట్నం వైపు రొయ్యల చెరువుల వాళ్లది వేరే టెన్షన్. తుపాను రాత్రి కరెంటు పోతుంది, జనరేటర్ సెల్ఫ్ తీసుకోదు, చెరువు నీళ్లని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. ఫోన్లో "బాబూ, పక్కన టిప్పర్ ఉంది, దాన్నుంచి కలపమంటావా?" అంటారు. వద్దు బాబాయ్, టిప్పర్ 24 వోల్టులు, నీ జనరేటర్ 12. ట్రాక్టర్ తెప్పించు. ఎర్ర వైరు ముందు డౌన్ అయిన బ్యాటరీ ప్లస్‌కి, తర్వాత ట్రాక్టర్ బ్యాటరీ ప్లస్‌కి. నల్లది ట్రాక్టర్ బ్యాటరీ మైనస్‌కి పెట్టి, చివరి కొస జనరేటర్ బ్యాటరీకి కాకుండా దూరంగా ఇంజన్ ఇనుముకి పెట్టు. రవ్వ వచ్చేది ఆ చివరి కొస దగ్గరే కాబట్టి గ్యాస్‌కి ఎడంగా వస్తుంది. తీసేటప్పుడు అదే ముందు తీయాలి.

మళ్లీ లారీ దగ్గరికి. ఒకటి పోయింది, రెండోది బాగానే ఉంది, ఒక్కటే మార్చమంటారు. "ఒక కాడికి కోడెగిత్తని, ముసలెద్దుని కడతామా?" అని ఒక రైతు లారీ ఓనర్‌కి నా కౌంటర్ దగ్గరే చెప్పాడు, నా కష్టం తప్పింది. జతగానే మార్చండి. మిగిలిన పాతది గ్రావిటీ బాగుంటే పారేయొద్దు. ఇంటి ఇన్వర్టర్‌కి పెట్టుకుంటామంటారు చాలామంది. ఇది స్టార్టింగ్ బ్యాటరీ, పల్చటి ప్లేట్లు, గంటల తరబడి లాగితే నెలల్లో చస్తుంది. చెరువు గట్టు మీద 12 వోల్టుల జనరేటర్‌కి పెట్టుకోండి. సెల్ఫ్ కొట్టడమే దానికి వచ్చిన పని, పక్కన ఇంకో బ్యాటరీ కూడా ఉండదు.