తిరుచ్చియా, సూరత్కలా: ఏది పైన రాయాలి

మా తమ్ముడి జేఈఈ మెయిన్ ర్యాంకు పట్టుకుని పాత సంవత్సరాల క్లోజింగ్ ర్యాంకులు, అంటే ఒక్కో సీటు దక్కిన చివరి ర్యాంకులు చూస్తే రాష్ట్రం బయట మాకు నచ్చినవాటిలో రెండు అందేలా కనిపించాయి. ఎన్‌ఐటీ తిరుచ్చిలో ఇన్‌స్ట్రుమెంటేషన్ అండ్ కంట్రోల్, ఎన్‌ఐటీ సూరత్కల్‌లో మెకానికల్. రెండూ అదర్ స్టేట్ కోటాలోనే, అంటే బయటి రాష్ట్రాల పిల్లలకిచ్చే సీట్లలో. ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్లు కేటాయించే జోసా కౌన్సెలింగ్‌లో ఇచ్చే ఆప్షన్ల లిస్టులో ఏది పైన రాయాలని ఇంట్లో కొన్ని వారాలు ఇదే గొడవ. అన్నం తింటున్నా అదే, ఫోన్‌లో చుట్టాలు పలకరించినా అదే.

మన రాష్ట్రంలోని ఎన్‌ఐటీ, తాడేపల్లిగూడెం ఎందుకు వద్దనుకున్నారు అని చాలామంది అడిగారు. మాది ఒంగోలు, వాడు ఇంటర్ చదివింది విజయవాడలో, కాబట్టి అక్కడ హోమ్ స్టేట్ కోటా వస్తుంది, ఆ లెక్కన అవకాశాలు ఎక్కువే. కానీ వాడికి బయటికెళ్ళి చదవాలని బలంగా ఉంది, అదీకాక తాడేపల్లిగూడెంది 2015లో మొదలైన కాలేజీ, సూరత్కల్ 1960లోది, తిరుచ్చి 1964లోది, ఆ పాత సీనియర్ల బలం వేరు అనుకున్నాం. హోమ్ స్టేట్ విషయంలో చాలామంది పొరబడుతున్నారు కాబట్టి ఒక మాట. మీ సొంతూరు ఎక్కడన్నది కాదు, పన్నెండో తరగతి ఏ రాష్ట్రంలో పాసయ్యారో అదే మీ హోమ్ స్టేట్. ఆంధ్రా పిల్లలు హైదరాబాద్‌లో ఇంటర్ పాసైతే జోసా లెక్కలో తెలంగాణ వాళ్ళే.

ఇక సలహాలు. మావయ్య ఫోన్ చేసి "తిరుచ్చి పెట్టెయ్యండి, ఎన్‌ఐటీల్లో నంబర్ వన్, కళ్ళు మూసుకుని చేరిపోవచ్చు" అన్నాడు. నిజమే, కేంద్ర ప్రభుత్వం కాలేజీలకిచ్చే ర్యాంకులు, 2024 ఎన్‌ఐఆర్‌ఎఫ్ ఇంజినీరింగ్ లిస్టులో తిరుచ్చి 9, సూరత్కల్ 17. కానీ ఆ ర్యాంకు కాలేజీ మొత్తానికి ఇచ్చేది, రీసెర్చి, ఫ్యాకల్టీ, పేరు ప్రతిష్ఠలు అన్నీ కలిపి. మావాడు కూర్చోబోయే క్లాసుకి ఎవరూ ర్యాంకు ఇవ్వలేదు. ఐఐటీకి, ఊళ్ళో ఉన్న మామూలు కాలేజీకి మధ్య తేడా అయితే ఆ లిస్టు చూసి చెప్పొచ్చేమో గానీ 9కి 17కి మధ్య నాలుగేళ్ళ జీవితం తేల్చేంత తేడా ఉందని నేను నమ్మను.

నాన్నది ఇంకో దారి. ఆయనకి మెకానికల్ అంటే నమ్మకం, గవర్నమెంటు ఉద్యోగం అంటే ఇంకా నమ్మకం. ఆయన పాయింటు తీసిపారేసేది కాదు. యూపీఎస్సీ ఇంజినీరింగ్ సర్వీసెస్ పరీక్షలో ఉన్నవి సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ అండ్ టెలికాం, ఈ నాలుగే. ఇన్‌స్ట్రుమెంటేషన్‌కి అందులో విడిగా పేపర్ లేదు. ఎంటెక్ సీట్లకి రాసే గేట్‌లో మాత్రం ఉంది. అంటే ఆ బ్రాంచ్ తీసుకున్నవాడు ఆ సర్వీసెస్ పరీక్ష రాయాలంటే ఎలక్ట్రానిక్స్ వైపు అదనంగా చదువుకోవాలి, మెకానికల్ వాడికి ఆ తిప్పలు లేవు. ఇది నాన్న చెప్పేదాకా నేను ఆలోచించలేదు.

అమ్మ మాత్రం దూరం, తిండి గురించే అడిగింది. తిరుచ్చికి ఒంగోలు నుంచి చెన్నై వెళ్ళి అక్కడ ఇంకో రైలు మారితే సరిపోతుంది. సూరత్కల్ ఏమో మంగళూరు దాటాక, దేశానికి అటు అంచున, రైల్లో కేరళ మీదుగా తిరిగి వెళ్ళాలి, దాదాపు ఒక రోజు ప్రయాణం. కాలేజీ పక్కనే అరేబియా సముద్రం, జూన్ నుంచి వానలు ఎడతెరిపి లేకుండా. తమ్ముడికి ఫోటోలు చూసి ఆ బీచే నచ్చింది, వాడి వయసులో నాకూ అదే నచ్చేది. ఫీజు దగ్గర మాత్రం తేల్చుకోవాల్సిందేమీ లేదు, ఎన్‌ఐటీల్లో ట్యూషన్ ఫీజు ఏడాదికి 1,25,000, రెండుచోట్లా అంతే. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకి అది పూర్తిగా మాఫీ, మిగతావాళ్ళలో కుటుంబ ఆదాయం లక్ష లోపుంటే పూర్తిగా, లక్ష నుంచి 5 లక్షల మధ్య ఉంటే మూడింట రెండొంతులు మాఫీ. అడ్మిషన్ అప్పుడు ఆదాయం సర్టిఫికెట్ పట్టుకెళ్ళడం మర్చిపోకండి.

నాకు తేలింది ఎక్కడంటే సిలబస్ దగ్గర. రెండు కాలేజీల వెబ్‌సైట్లలోంచి ఆ బ్రాంచీల నాలుగేళ్ళ సబ్జెక్టుల లిస్టు దించి ప్రింట్ తీసి వాడి చేతికిచ్చా. కాలేజీ పేర్లు వదిలెయ్, ఇవి చదివి ఏ సబ్జెక్టు గురించి తెలుసుకోవాలనుందో టిక్కు పెట్టు అన్నా. మెకానికల్‌లో థర్మోడైనమిక్స్, ఫ్లూయిడ్ మెకానిక్స్, మెషిన్ డిజైన్ దగ్గర టిక్కులు పల్చగా పడ్డాయి. రెండో కాగితంలో సెన్సర్లు, కంట్రోల్ సిస్టమ్స్, ప్రాసెస్ కంట్రోల్, మైక్రోకంట్రోలర్లు, దాదాపు అన్నిటికీ పెట్టాడు. ట్యాంకులో నీళ్ళు నిండగానే మోటారు దానంతటదే ఆగేలా ఇంట్లో ఏదో సర్క్యూట్ పెట్టినవాడు వాడు, అందుకని నాకు ఆశ్చర్యం అనిపించలేదు. సూరత్కల్‌లో ఆ బ్రాంచ్ లేదు కూడా. ముందు చేరి తర్వాత బ్రాంచ్ మార్చుకుందాంలే అనేవాళ్ళ మాట మాత్రం వినొద్దు, మొదటి సంవత్సరం మార్కులు బాగా రావాలి, పైన ఖాళీలుండాలి, ఆ ఆశతో నచ్చని బ్రాంచ్‌లో చేరితే పిల్లాడు మొదటి ఏడాదంతా భయంతో చదువుతాడు.

అలా తిరుచ్చి పైన రాశాం, సూరత్కల్ దాని కింద. మావయ్య "చెప్పానా" అన్నాడు గానీ ఆయన చెప్పిన కారణం వేరు, మేం రాసిన కారణం వేరు. నాన్న ఒక రాత్రంతా మాట్లాడలేదు, పొద్దున్నే వాడు టిక్కులు పెట్టిన కాగితం అడిగి తీసుకుని చూశారు, సరే అన్నారు.

జోసాలో ఈ పైనా కిందా అన్నదే అసలు నిర్ణయం. చాలా ఇళ్ళల్లో వచ్చే సీటు పైన రాసి రానిది కింద రాస్తున్నారు, దయచేసి అలా చెయ్యకండి. పై ఆప్షన్ వచ్చిందంటే దాని కిందవన్నీ ఆ క్షణమే పోతాయి, తర్వాత ఎంత ఏడ్చినా లిస్టు మార్చనివ్వరు. నచ్చింది పైన రాసినంత మాత్రాన కింది సీటు వచ్చే అవకాశం ఏమీ తగ్గదు.

మొదటి రౌండ్‌లో మావాడికి సూరత్కల్ మెకానికల్ వచ్చింది. అమ్మ భయపడి ఫ్రీజ్ కొట్టేద్దాం, ఉన్నది కూడా పోతే ఎలా అంది. ఫ్రీజ్ కొడితే అదే ఖాయం. స్లైడ్ అయితే అదే కాలేజీలో పైన రాసిన బ్రాంచీలకి మాత్రమే చూస్తారు. ఫ్లోట్ అయితే ఏ కాలేజీ అయినా పైన రాసినవాటికి చూస్తారు, రాకపోతే చేతిలో ఉన్న సీటు చేతిలోనే ఉంటుంది. ఫీజు కట్టి, డాక్యుమెంట్లు అప్‌లోడ్ చేసి, ఫ్లోట్ పెట్టాం. ఆ తర్వాతి రౌండ్లలో తిరుచ్చి వచ్చింది, సూరత్కల్ సీటు దానంతటదే ఇంకొకరికి వెళ్ళిపోయింది. ఇప్పుడు వాడు అక్కడి సీనియర్లని వెతికి పట్టుకుని మెస్‌లో ఏం పెడతారో కనుక్కుంటున్నాడు, అమ్మ గోంగూర పచ్చడి ఎంత పెట్టాలా అని జాడీలు కడుగుతోంది.