వాచిన చెయ్యి, నొక్కని మసాజ్

రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయిపోయి కాస్త ఊపిరి పీల్చుకుంటున్న రోజుల్లో, ఎడమ చేతికి జాకెట్టు పట్టడం మానేసింది. కుడివైపు వదులుగానే ఉంది. ముంజేతి మీద వేలితో నొక్కితే పడిన గుంట కాసేపటిదాకా పూడేది కాదు.

డాక్టరు చూసి లింఫోడీమా అన్నారు. చంకలో లింఫ్ గ్రంథులు తీసేశారు కాబట్టి ద్రవం పోయే దారి తగ్గి చేతిలోనే నిలిచిపోతోందట.

మా అత్తయ్య ఊరుకుంటారా! "ఆముదం పట్టించి గట్టిగా రుద్దితే అదే దిగుతుంది, చెయ్యి ఇటివ్వమ్మా" అని గిన్నెతో సహా వచ్చేశారు. డాక్టరు వద్దన్నారని చెప్పి తప్పించుకున్నాను.

తీరా ఫిజియోథెరపిస్టు చేసింది చూస్తే నాకే అనుమానమొచ్చింది. నూనె లేదు, నొక్కుడు లేదు. మెడ దగ్గర మొదలుపెట్టింది. తర్వాత బాగున్న కుడి చంక. ఆపైన ఛాతీ మీద చర్మాన్ని మెల్లగా ఆ కుడి చంకవైపు సాగదీసి వదలడం. వాచిన చేతికి వచ్చేసరికే చాలాసేపు పట్టింది. అదీ ముందు భుజం, వేళ్లు చివర్న. దీనికా ఇంత ఫీజు అనుకున్నాను.

"ముందు ట్రాఫిక్ కదలందే వెనక బండ్లు ఎలా కదుల్తాయి ఆంటీ?" అంది. చిన్న లింఫ్ నాళాలు చర్మం కిందే ఉంటాయి, బలంగా నొక్కకూడదట. 1930ల్లో ఎమిల్, ఎస్ట్రిడ్ వోడర్ అనే డెన్మార్క్ దంపతులు రూపొందించిన పద్ధతి ఇది.

మసాజ్ అయ్యాక వేళ్ల నుంచి చంకదాకా పొరలు పొరలుగా బ్యాండేజీ. దాంతోనే వంట, దాంతోనే నిద్ర. చపాతీ పిండి కలపడం మావారి వంతయింది. నన్నడిగితే వాపు దిగడంలో సగానికి పైగా ఘనత ఈ కట్టుదే. తగ్గాక కొలతలు తీసి బిగుతు స్లీవ్ ఇచ్చారు.

మచ్చ దగ్గర బిగుసుకున్న చోటికి మాత్రం వేరే మసాజ్: వేలి కొసలతో చిన్న చిన్న సున్నాలు చుట్టడం. దాంతోపాటు భుజం వ్యాయామాలూ చేశాకే చెయ్యెత్తి జడ వేసుకోగలిగాను. అత్తయ్య నూనె గిన్నెకి నా నడుము అప్పజెప్పాను. అక్కడ ఆవిడకి తిరుగులేదు.

చెయ్యి ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే మాత్రం మసాజ్ ఆపి వెంటనే డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి. అది ఇన్‌ఫెక్షన్ కావచ్చు. రక్తం గడ్డకట్టిందన్న అనుమానమున్నా అంతే.

లింఫోడీమా పూర్తిగా పోయేది కాదు. మే ఎండల్లో స్లీవ్ నరకమే. విసుగొచ్చి విప్పేస్తే సాయంత్రానికి ఉంగరం బిగుస్తుంది, తిట్టుకుంటూ మళ్లీ తొడుక్కుంటాను.