ఎండ కాస్తే పొంగే వాగు

రంపచోడవరం దాటి మారేడుమిల్లి ఘాట్ ఎక్కేవాళ్ళందరికీ ఒకటే లెక్క. పైన మబ్బు పట్టిందా, వాగుల దగ్గర జాగ్రత్త. ఎండ కాస్తోందా, హాయిగా పోవచ్చు. ఇరవై ఏళ్ళుగా ఆ రోడ్డు మీద బండి తోలుతున్నవాణ్ణి, అదే లెక్క మూటగట్టుకుని 2022 జూలైలో హిమాచల్‌లోని స్పితి లోయకు వెళ్ళాను. ఛత్రు దాటాక ఒక వాగులో ఆ మూట తడిసిపోయింది. నాతో సహా.

మా బావ ఢిల్లీలో ఉంటాడు. ఆయనకో పాత మారుతీ జిప్సీ ఉంది. నాకంటే దాన్నే ఎక్కువ చూసుకుంటాడని అక్క ఫిర్యాదు. ఆయన జిప్సీలో, నేను మనాలీలో అద్దెకు తీసుకున్న హిమాలయన్ బైకు మీద, ఇద్దరం స్పితిలోని కాజా ఊరి దాకా వెళ్ళిరావాలని ప్లాను. పొద్దున్నే ఆరింటికి బండి ఇస్తానన్న షాపువాడు తొమ్మిదిన్నరకు షట్టర్ తీశాడు. క్లచ్ పట్టుకుంటే అరిగిన చెప్పులా జారుతోంది. "కొండల్లో అలాగే ఉంటుంది భయ్యా" అన్నాడు. నాకు క్లచ్ మీదే కోపం వచ్చింది కానీ, పోయిన మూడున్నర గంటల గురించి ఆలోచించలేదు. ఆలోచించాల్సింది దాని గురించే.

అటల్ టన్నెల్ 2020 అక్టోబర్‌లో తెరిచాక రోహ్‌తాంగ్ కనుమ ఎక్కే బాధ తప్పింది. తొమ్మిది కిలోమీటర్ల సొరంగం, అవతల ఇంకో లోకం. పచ్చటి దేవదారు చెట్లు ఇవతలే ఆగిపోతాయి. కోక్సర్ మీదుగా గ్రాంఫూ చేరితే అక్కడ కాజా దారి చీలుతుంది. అక్కడి నుంచి బాతల్ దాకా దాదాపు 50 కిలోమీటర్లు ఒక పక్క చంద్రా నది, ఇంకో పక్క ఎప్పుడు ఏ రాయి వదులుతుందో తెలియని కొండ. కాజా దాకా పెట్రోలు బంకు లేదు. కాగితం మీద అది జాతీయ రహదారి 505. మేము వెళ్ళినప్పుడు మాత్రం ఎండిన ఏటి గర్భంలో బండి తోలుతున్నట్టే ఉంది. పిడికిలంత రాళ్ళు, తలకాయంత రాళ్ళు, మధ్యలో పిండిలాంటి దుమ్ము. 20 వేగం దాటితే బండి మన మాట వినదు.

ఇలాంటి దారిలో బైకు మేలా, జీపు మేలా అని ఢిల్లీ నుంచీ మాకు వాదన. బైకుకు ఒక్క జానెడు దారి దొరికితే చాలు, రాళ్ళ మధ్య నుంచి దూరిపోవచ్చు అంటాన్నేను. నాలుగు చక్రాలుంటే కింద పడటమంటూ ఉండదు కదరా అంటాడు ఆయన. ఛత్రుకు ముందే నా వైపు ఒక పాయింటు పడింది. మలుపులో హిమాచల్ ఆర్టీసీ బస్సు ఎదురొచ్చింది. కొండదారిలో ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలి, అది రూలు. మేము ఎక్కుతున్నాం. కానీ నిండు బస్సును వెనక్కి పొమ్మని చెప్పే మొనగాడెవడు? బావ వందమీటర్లు రివర్స్ తీశాడు. నేను బైకు గోడవారకు ఆన్చి, వెనక నిలబడి చేయి ఊపుతున్నాను. "రా, రా, కొంచెం కొండవైపు కొట్టు, ఆపు బావా ఆపు!" ఎడమ టైరు అంచుకు మూరెడు దూరంలో ఆగింది. దాని కింద నుంచి చిన్న రాయి ఒకటి జారి పడింది. కింద నీళ్ళ చప్పుడులో అది పడిన శబ్దం కూడా వినపడలేదు. బస్సు డ్రైవరు మా పక్క నుంచి పోతూ ఒక చేత్తో స్టీరింగ్, ఇంకో చేత్తో దణ్ణం.

ఛత్రు దాబాలో టీ తాగుతుంటే అటు నుంచి వచ్చిన టెంపో డ్రైవరు మా వైపు చూసి వాచీ చూసుకున్నాడు. "పానీ బఢ్ గయా హోగా" అన్నాడు. ఆకాశం చూశాను. నీలంగా, ఒక్క మబ్బు తునక లేదు. వానే లేనప్పుడు నీళ్ళెందుకు పెరుగుతాయి అనుకున్నాను. ఇరవై ఏళ్ళ అనుభవం కదా!

అక్కడ వాగులకు నీళ్ళిచ్చేది వాన కాదు, పైనున్న మంచు. పొద్దెక్కాక ఎండ తగిలి అది కరగడం మొదలవుతుంది. ఆ నీళ్ళు కొండ దిగి దారి దాకా రావడానికి గంటలు పడుతుంది. అందుకే మధ్యాహ్నం దాటాక వాగు ఉరకలేస్తుంది. రాత్రి చలికి పైన కుళాయి కట్టేసినట్టవుతుంది, తెల్లవారేసరికి నీళ్ళు అడుగంటుతాయి. మా దగ్గర మబ్బు చూసి భయపడాలి, అక్కడ ఎండ చూసి భయపడాలి.

మేము వాగు దగ్గరికి వచ్చేసరికి రెండున్నర. పదిహేను అడుగుల వెడల్పుంటుందేమో. సిమెంటు కడిగిన నీళ్ళ రంగు, అడుగు కనపడదు. నిలబడి వింటే నీళ్ళ హోరు కింద ఇంకో చప్పుడు, డుబుక్ డుబుక్ అని. లోపల రాళ్ళు దొర్లుతున్నాయి. బావ ప్యాంటు మడిచి కర్ర పట్టుకుని ముందు దిగాడు. మోకాలు దాటి తొడ దాకా వచ్చింది. నున్నగా పారే చోట లోతు, నురగ కక్కే చోట లోతు తక్కువ, కానీ బండలుంటాయి. దిగువ అంచున నీళ్ళు మట్టిని కోసుకుపోయి గుంట పడి ఉంటుంది కాబట్టి ఎగువవైపే పట్టుకుని పోవాలి. ఇవన్నీ ఆయన అవతలి గట్టు మీద నుంచి అరిచి చెప్పాడు. నేను తలూపాను.

ఫస్ట్ గేరు, రేజు తగ్గించకూడదు, క్లచ్ ముట్టుకోకూడదు, చూపు అవతలి గట్టు మీద ఉండాలి. ముప్పావు వంతు అలాగే పోయాను. ముందు చక్రం ఒక బండ ఎక్కి పక్కకు జారింది. చూపు కిందికి పోయింది. పారే నీళ్ళను చూస్తే బండి ఎగువకు కొట్టుకుపోతున్నట్టు అనిపిస్తుంది. నిజానికి కదిలేది నీళ్ళు. చెయ్యి దానంతటదే హ్యాండిల్ తిప్పింది, క్లచ్ నొక్కింది. ఎడమ కాలు దింపితే అక్కడ నేల లేదు. దాదాపు 200 కిలోల బండి, దాని పక్కన నేను. ఆ చలి నీళ్ళు నడుముకు తగిలినప్పుడు అరుద్దామన్నా గొంతు రాలేదు. ఇంజను ఆపే కిల్ స్విచ్ నొక్కింది ఒక్కటే నేను సరిగ్గా చేసిన పని.

అక్కడికి దగ్గర్లో రోడ్డు పని చేస్తున్న ఇద్దరు ఝార్ఖండ్ కుర్రాళ్ళు గమ్‌బూట్లతో పరుగెత్తుకొచ్చారు. మా ఇద్దరికంటే వాళ్ళకే ఆ వాగు బాగా తెలుసు. ఒకడు ఎగువన నిలబడి నీళ్ళ వేగాన్ని కాళ్ళతో కాచాడు, మిగతావాళ్ళం బండి లేపాం. వెంటనే సెల్ఫ్ కొట్టబోతుంటే బావ చేతి మీద ఒక్కటిచ్చాడు. ముందు చక్రం గట్టు మీదికి ఎక్కించి సైలెన్సర్‌లోని నీళ్ళు వంచాం. ఎయిర్ ఫిల్టర్ తీసి చూస్తే అదృష్టం, పొడిగా ఉంది. నాలుగోసారికి దగ్గి, తెల్లటి ఆవిరి కక్కి స్టార్టయింది. ఎడమ అద్దం, ఇండికేటర్ చంద్రాకు సమర్పయామి. జిప్సీ మాత్రం నాలుగు చక్రాలూ లాగే ఫోర్ బై ఫోర్‌లో, "లో" గేరులో గున్నఏనుగులా నడిచి వచ్చేసింది. కుర్రాళ్ళకు డబ్బులివ్వబోతే తీసుకోలేదు, బిస్కట్ ప్యాకెట్లు తీసుకున్నారు.

ఆ రాత్రి బాతల్‌లో రాజ్మా అన్నం తిని రెండు రజాయిల కింద వణికాను. మర్నాడు 4,500 మీటర్ల పైనున్న కుంజుం కనుమ ఎక్కి, గుడి చుట్టూ బండి తిప్పి కాజా దిగాం. ఆ సంగతులు ఇంకోసారి రాస్తాను, స్పితి వైపు దారి ఇంత గొడవ పెట్టదు. మరుసటి ఏడాది జూలైలో చంద్రతాల్ సరస్సు దగ్గర మంచులో దాదాపు 300 మంది చిక్కుకుపోయారని టీవీలో చూసినప్పుడు అక్క నాకు ఫోన్ చేసి, నేను ఇంట్లోనే ఉన్నానని తెలిసీ, "ఎక్కడున్నావురా?" అంది.

తిరుగు ప్రయాణంలో బాతల్‌లో నాలుగున్నరకే లేచాం. చీకట్లో చేతులు కొంకర్లు పోతుంటే బండి సైలెన్సర్ పక్కన కాచుకున్నాను. అదే వాగు దగ్గరికి వచ్చేసరికి ఇంకా లోయలో ఎండ పడలేదు. ముందు గుర్తు పట్టలేదు. నీళ్ళు చీలమండ దాకా ఉన్నాయి, అడుగున ఒక్కో గులకరాయి లెక్కపెట్టొచ్చు. నన్ను పడేసిన బండ కోసం చూశాను కానీ అక్కడ లేదు. పాయ కూడా రెండు గజాలు పక్కకు జరిగింది, ఎవరో డోజరుతో దారి కొత్తగా చదును చేశారు. బావ జిప్సీని సరిగ్గా వాగు మధ్యలో ఆపి, అద్దం దించి, చేయి చాచి మగ్గుతో టైరు బురద కడుగుతున్నాడు.

"ఏరా బామ్మర్దీ, ఇక్కడేనా ఈతకొట్టింది?"

మనాలీలో షాపువాడు అద్దానికీ ఇండికేటర్‌కీ కలిపి 1,100 పట్టుకుని మిగతా డిపాజిట్ ఇచ్చాడు. క్లచ్ సంగతి అడిగితే, "నువ్వు తెచ్చాక బాగానే పట్టుకుంటోందే" అన్నాడు.